నాగమ్మ తూచిన రాగి

అర గ్రాము కూడా ఉండదు. రాగి. చిటికెన వేలి గోరు మీద పెట్టుకుంటే ఉందో లేదో కూడా తెలియదు. దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఇవాళ ఇక్కడ దించుతున్నాను.

ఇలాంటివి రాసేవాళ్ళు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని రాస్తారు. నాకు పడుతుంది. దిండు మీద తల ఆనిస్తే చాలు. అన్నం సయిస్తుంది, ఇల్లు బాగుంది, ఉద్యోగం బాగుంది, పిల్లలు నన్ను చూస్తే నవ్వుతారు. నా బాధల్లా అదే. తప్పు చేసిన మనిషికి ఇంత హాయిగా ఉండొచ్చా? ఉండొచ్చని నన్ను చూసి తెలుసుకోండి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసిన మొహమైతే మళ్ళీ వాతావరణం గురించి మాట్లాడి లేచి వచ్చేసేదాన్ని.

నేను ఫిజిక్స్ లెక్చరర్ని. ఖమ్మం నుంచి భద్రాచలం వైపు వస్తుంటే అడవి దట్టమయ్యే చోట ఒక ఊరు, అందులో ఒక జూనియర్ కాలేజీ. పేరు వద్దు. పుట్టింది వేంసూరు దగ్గర. మా తాతలు భూములు చౌకని కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. అందుకని ఇక్కడి పిల్లలు నాది ఆంధ్రా యాసని నవ్వుతారు. మధిరలో మా అత్తగారేమో, "ఏంది ఏంది అంటావు, నీకు అడవి యాస పట్టేసింది," అంటుంది. రెండు చోట్లా మాటలు పడుతూనే ఉన్నాను.

సంగతి ఎనభైల మొదట్లోది. అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఈ మాట ఎందుకు ముందే చెప్తున్నానో తర్వాత మీకే అర్థమవుతుంది. సాకు కోసం కాదు. ఏమో, సాకు కోసమే కావచ్చు.

మా లాబ్‌లో ఒక ప్రయోగం ఉండేది. గాజు పాత్రలో మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళు. అందులో రాగి రేకులు వేలాడదీసి బ్యాటరీ నుంచి కరెంటు పంపితే, ఒక రేకు కొంచెం కొంచెం అరుగుతుంది, ఇంకో రేకు మీద కొత్త రాగి వచ్చి పేరుకుంటుంది. ఎర్రగా, తాజాగా, పెళ్ళికూతురి బుగ్గలా ఉంటుంది ఆ రాగి. ఎంత కరెంటు, ఎన్ని సెకన్లు, పుస్తకంలో రాగికి ఇచ్చిన ఒక చిన్న అంకె, ఈ మూడింటినీ గుణిస్తే ఎంత రాగి పేరుకోవాలో తెలిసిపోతుంది. ఒక ఆంపియర్ అరగంట నడిస్తే సుమారు సున్నా పాయింట్ ఐదు తొమ్మిది గ్రాములు. ఇది లెక్క. నిజంగా ఎంత పేరుకుందన్నది రేకును ముందొకసారి, తర్వాతొకసారి తూచి త్రాసు చెప్పాలి.

చెప్పాలి. కానీ మా కాలేజీలో త్రాసును ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నాకు ముందున్న లెక్చరర్ వెళ్తూ వెళ్తూ నాకొక పద్ధతి అప్పగించి వెళ్ళాడు. ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఆ లెక్క చెప్పించాలి. మొదటి బరువు మాత్రం తూచండి, రెండోది తూచొద్దు, ఈ ఐదు తొమ్మిది కలిపేసి రాయండి, జవాబు పుస్తకంలో ఉన్నట్టే వస్తుంది. ముందు జవాబు, తర్వాత రీడింగు. మా ఒక్క కాలేజీలోనే అని అనుకోకండి. అలాగని మాది తప్పు కాకుండా పోదు.

పిల్లల్ని ఏమనగలం? ఆ త్రాసు తలుపు తీస్తే గాలికి ముల్లు ఊగుతుంది. చిన్న తూనికరాళ్ళు చిమటాతో పట్టుకుంటే ఎగిరిపోతాయి. తూచాలంటే ఓపిక కావాలి. గుణించాలంటే పెన్సిల్ చాలు.

ఆ సంవత్సరం మా బ్యాచ్‌లో ఒక కోయ పిల్ల ఉండేది. నాగమ్మ అంటాను ఇక్కడ, అసలు పేరు కాదు. చండ్రుగొండ దాటాక బస్సు దిగి అడవిలోకి నడవాలి వాళ్ళ గూడేనికి. హాస్టల్లో ఉండి చదివేది. బక్కగా ఉండేది, నూనె పెట్టి బిగించి రెండు జడలు. నర్సు కావాలని ఆ పిల్లకు ఆశ. ఆశ అంటే మామూలు ఆశ కాదు, నర్సు ట్రైనింగ్ గురించి అడిగీ అడిగీ మా ఆఫీసులో గుమాస్తాను పరేషాన్ చేసేది. ఇంటర్ పాసైతే చాలు, ట్రైనింగ్‌కు పంపుతామని వాళ్ళ నాయన మాటిచ్చాడు. తప్పితే తల్లితో పాటు తునికాకు కోతకే.

పరీక్షలకు ముందు వారం, సరిగ్గా నేను ఆ లెక్క చెప్పించే వారం, మేడారం జాతర వచ్చింది. గూడెమంతా కదిలింది. నాగమ్మ కూడా వెళ్ళింది. నేను ఒప్పుకున్నాననే చెప్పాలి, "వెళ్ళి జల్దీ రా," అన్నాను. తిరిగొచ్చి నాకు కాగితంలో చుట్టి బెల్లం ముక్క తెచ్చిచ్చింది. అమ్మవార్ల బంగారం. చిన్న తమ్ముడిని అక్కడ త్రాసులో కూర్చోబెట్టి వాడి ఎత్తు బెల్లం తూచి మొక్కు చెల్లించారట, వాడు కదిలితే కొట్టారట, ముచ్చటగా చెప్పింది. నేను బెల్లం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. ఆ లెక్క సంగతి దానికి కూడా చెప్దామనుకున్నాను. ఎవరో పిలిచారు. మర్చిపోయాను. మరుసటి రోజు గుర్తొచ్చింది, హాస్టల్ పిల్లలు ఎవరో చెప్పే ఉంటారులే అనుకున్నాను.

ఎవరూ చెప్పలేదు.

పరీక్షలో చీటీ తీస్తే నాగమ్మకు అదే ప్రయోగం వచ్చింది. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. రేకును ఉప్పుకాగితంతో రుద్దింది. కడిగింది. ఆరబెట్టింది. తూచింది. అరగంట గడియారం చూస్తూ నిలబడింది, కరెంటు కొలిచే ఆమ్మీటర్ ముల్లు ఒకటి దగ్గర నుంచి జరగకుండా కాపలా కాసింది. మళ్ళీ రేకు తీసి, నీళ్ళలో ముంచి, పసిబిడ్డకు తుడిచినట్టు అద్ది, ఆరాక తూచింది. త్రాసు తలుపు మూసి, ఊపిరి కూడా బిగబట్టుకుని తూచింది. పక్క పిల్లలు అప్పటికే జవాబు రాసేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఎక్స్‌టర్నల్ సార్ ఖమ్మం వైపు నుంచి వచ్చిన పెద్దాయన. మంచివాడే. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఆ కాగితం చూశాడు.

"ఏందమ్మా ఇది? పొద్దటి నుంచి అందరికీ ఐదు తొమ్మిది వచ్చింది. నీకు నాలుగు ఏడు ఏంది?"

"తూచిన సార్. గంతే ఉన్నది."

"సరిగ్గ తూచినవా?"

"అవ్ సార్. మళ్ళ మళ్ళ తూచిన. గంతే ఉన్నది."

ఆయన నా వైపు తిరిగాడు. "మేడం, మీ ఆమ్మీటర్ బాగనే ఉన్నదా?"

ఇక్కడ ఆగనివ్వండి. ఈ మాట రాయడానికే ఇంతసేపు తాతల గురించీ యాసల గురించీ చెప్పాను.

నేను ఇలా అన్నాను. "ఆమ్మీటర్ బాగానే ఉంది సార్. ఆ పిల్ల జాతరకని పోయి క్లాసులు ఎగ్గొట్టింది. తూచడం రాదు."

నాగమ్మ నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. అవునా మేడం, నాకు రాదా, అన్నట్టు చూసింది. నమ్మేసింది. నేను చెప్పాను కాబట్టి నమ్మేసింది. ఆ తర్వాత ఆయన ఏమడిగినా నోరు విప్పలేదు. తెలిసినవి కూడా చెప్పలేదు. తల వంచుకుని నీలం మరకలు పడ్డ వేళ్ళు చూసుకుంటూ నిలబడింది. ప్రాక్టికల్ తప్పింది.

ఇప్పుడు అడగండి. ఆమ్మీటర్ పాడైందని నీకు తెలుసా? నన్ను నేను ఇదే అడుగుతాను. ముందటేడు అది చెడిపోతే ఖమ్మంలో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర ఇచ్చాను. పై వాళ్ళకు రాసి పంపితే ఏడాది పడుతుందని. ముల్లు కదిలింది, కరెంటు తీసేస్తే సున్నా మీదికి వచ్చింది, నాకు అంతే చాలు. ఆ చలికాలంలో ఒకసారి పిల్లలకు చూపిద్దామని నేనే ప్రయోగం చేస్తే రాగి తక్కువొచ్చింది. రేకు సరిగ్గా ఆరలేదులే అనుకున్నాను. తడి రేకు ఎక్కువ తూగాలి గాని తక్కువెలా తూగుతుంది? ఫిజిక్స్ లెక్చరర్ని, ఆ మాత్రం తెలియదా? తెలుసుకోవడం ఇష్టం లేక అలా అనుకున్నాను. కాబట్టి తెలియదని చెప్పలేను. తెలుసని కూడా... సరే, తెలుసు. రాసేశాను. తెలుసు.

ఆ సాయంత్రం పిల్లలంతా పోయాక అటెండర్‌ని పంపించేసి నేనే కూర్చున్నాను. అదే పాత్ర, అదే రేకు. ఫిజిక్స్ పరీక్షల కోసం కొత్తగూడెం నుంచి అరువు తెచ్చిన ఇంకో ఆమ్మీటర్ ఉంది, దాన్ని మా దాని పక్కనే కలిపాను. ఒకే తీగ, ఒకే కరెంటు. మాది ఒకటి చూపించింది. అది సున్నా పాయింట్ ఎనిమిది చూపించింది. అరగంటయ్యాక రేకు తూచాను. సున్నా పాయింట్ నాలుగు ఏడు. నాగమ్మ రాసినంతే.

అప్పటికి మార్కుల కవరు సీలు వేయలేదు. ఎక్స్‌టర్నల్ సార్ ఊళ్ళోనే, ట్రావెలర్స్ బంగళాలో ఉన్నాడు. నడిచి వెళ్తే ఆయన టీ తాగడం అయ్యేలోపు చేరుకునేదాన్ని. వెళ్ళలేదు. నాగమ్మది నిజమైతే మిగిలిన వాళ్ళందరిదీ అబద్ధమని తేలుతుంది, పాపం పిల్లలు అంతా ఇరుక్కుంటారని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత దయో చూడండి! ఇరుక్కునేది నేను. చెడిపోయిన ఆమ్మీటర్‌ను రేడియో ఆయనతో బాగుచేయించింది నేను. జవాబు ముందే రాయించింది నేను. పర్మనెంట్ కావాల్సిన ఉద్యోగం నాది. ఆ ఒక్క పిల్ల నిజాయితీగా తూస్తే నా లాబ్ మొత్తం బయటపడేది. అందుకని ఆ పిల్ల చేతికే వంక పెట్టాను. అదీ ఎలా? నేను ఒప్పుకుని పంపిన జాతరను పట్టుకుని. నోట్లో వేసుకున్న బెల్లం తీపి ఇంకా పోలేదు.

మా ఆమ్మీటర్‌ను పాడైన సామాన్ల పెట్టెలో వేసి, కాలిపోయిందని ప్రిన్సిపాల్‌తో చెప్పాను. కొత్తది వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఫలితాలొచ్చాక నాగమ్మ హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిపోయిందని తెలిసింది. నేను బస్సెక్కి, దిగి, నడిచి వాళ్ళ గూడెం వెళ్ళాను. అప్పుడైనా చెప్దామనే వెళ్ళాను, ఒట్టు. పిల్ల ఇంటి ముందు తునికాకు కట్టలు కడుతోంది. నన్ను చూసి లేచి, కుక్కి మంచం వాల్చి, చెంబుతో నీళ్ళు తెచ్చింది. తప్పినందుకు సిగ్గుపడుతూ నవ్వింది. తల్లి వచ్చి నా చేతులు పట్టుకుంది. ఇంత దూరం ఏ పంతులమ్మా రాలేదమ్మా అంది. అంతే. నోటిదాకా వచ్చిన మాట మింగేసి ఇంకో మాట చెప్పాను. పిల్లను నాతో పంపండి, నా ఇంట్లో ఉంచుకుని చదివిస్తాను, మళ్ళీ రాయిస్తాను.

చదివించాను కూడా. నా ఇంట్లో, నా పొయ్యి మీద వండి. నాగమ్మ నాతో పాటే లాబ్‌కు వచ్చేది. కొత్త ఆమ్మీటర్‌తో తూస్తే ఐదు తొమ్మిదికి అటూ ఇటూగా వచ్చేది. చూసి మురిసిపోయేది. "ఇప్పుడొచ్చింది మేడం నాకు!" అనేది. నేను తల ఊపేదాన్ని. చెయ్యి అదే, కన్ను అదే, ఓపిక అదే. మారింది ఆమ్మీటర్ ఒక్కటే. ఆ మాట అనడానికి ఎన్ని సాయంత్రాలు దొరికాయో! పప్పులో తాలింపు వేస్తూ, ఇవాళ చెప్తాను అనుకునేదాన్ని. తినేటప్పుడు పాడు చెయ్యడం దేనికని ఊరుకునేదాన్ని.

పాసైంది. ట్రైనింగ్‌కు వెళ్ళింది. నర్సయింది. ఇప్పుడు భద్రాచలం వైపు ఒక దవాఖానాలో పని. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, పెద్దదానికి నా పేరు పెట్టింది. ఆ పేరు పిలిచినప్పుడల్లా నేను పలకాలా వద్దా అనిపిస్తుంది.

ఆ మరుసటి సంవత్సరం నుంచీ నేను పాత పద్ధతి మానేశాను. అందరూ తూచాల్సిందే. ఎవరికెంతొస్తే అంతే రాయాలి. తక్కువొస్తే ఎందుకొచ్చిందో వెతకాలి. ఎక్స్‌టర్నల్స్ సణిగారు, పిల్లలు తిట్టుకున్నారు, నాకు త్రాసు మేడం అని పేరు పెట్టారు. ఇప్పుడు అదే పేరు గొప్పగా చెప్పుకుంటారు. నేను మంచి టీచర్‌నేనని నాకూ తెలుసు. ఆ పిల్లకు అన్యాయం చేయకపోతే అయ్యేదాన్నా? తెలియదు. ఆ ప్రశ్న నాకు నచ్చదు కూడా. దాని వెనక ఏదో లాభం లెక్క ఉన్నట్టుంటుంది.

ఏటా వేసవిలో నాగమ్మ తేనె పంపుతుంది. పుట్టతేనె, సీసా మూతికి గుడ్డ కట్టి. నేను రొట్టెకు అద్దుకుని హాయిగా తింటాను. చెప్పాను కదా, నాకు అన్నీ సయిస్తాయి.

మొన్నామధ్య కాలేజీలో మీటింగు పెట్టి పాత విద్యార్థుల్ని పిలిచారు. నాగమ్మ తెల్ల చీరలో స్టేజీ ఎక్కి మైకు పట్టుకుంది. తనకు తూచుడు రాక ప్రాక్టికల్ తప్పిందనీ, మేడం గూడెం దాకా నడిచొచ్చి, ఇంట్ల పెట్టుకొని, చెయ్యి పట్టి నేర్పిందనీ చెప్పింది. చెప్తూ ఏడ్చింది. హాలంతా చప్పట్లు. నాకు శాలువా కప్పారు. నేను నమస్కారం పెట్టాను. చాలా బాగా నవ్వాను కూడా, ఫోటోలో చూశాను.

అయినా ఇది రాయించింది ఆ శాలువా కాదు.

మొన్న మా చెల్లెలికి నాగమ్మ పనిచేసే దవాఖానాలోనే కాన్పు అయింది. ఆడపిల్ల. నాగమ్మే బిడ్డను శుభ్రం చేసి, పొత్తిగుడ్డలో చుట్టి, తూచడానికి తీసుకెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. బిడ్డను త్రాసులో పడుకోబెట్టింది. ముల్లు ఊగి ఊగి ఆగేదాకా ఊపిరి బిగబట్టుకుని వంగి చూసింది. అచ్చం ఆ రోజులాగే. బరువెంతో పైకి చెప్పింది గాని రాయలేదు. పక్కనున్న ఆయాను వచ్చి చూడమని పిలిచింది. ఆయమ్మ చేతిలో పనుండి, రోజూ ఉండేదేగా అని విసుక్కుంది. అప్పుడు నాగమ్మ నా వైపు తిరిగి, ఏ నొప్పీ లేకుండా, మామూలుగా నవ్వుతూ అంది.

"మేడం, జర మీరొక్కపారి చూడుర్రి. నాకు తూచుడు సరిగ్గ రాదు కద."

ఇన్నేళ్ళుగా. పుట్టిన ప్రతి బిడ్డకీ. ఎవరో ఒకరిని పిలిచి చూడమంటోంది. నేను ఏడాది నష్టం చేశాననుకున్నాను, దానికి ఏడాది అన్నం పెట్టి తీర్చాననుకున్నాను. ఆ పిల్ల కంటి మీద ఆ పిల్లకున్న నమ్మకం తీసేసుకున్నానని నాకు తట్టనే లేదు. అది తిరిగి ఇవ్వలేదు నేను. ఇవ్వాల్సింది అదొక్కటే.

వంగి చూశాను. ముల్లు ఎక్కడుందో చూశాను. బరువు సరిగ్గా నాగమ్మ చెప్పినంతే ఉంది.

"సరిగ్గానే ఉంది," అన్నాను. "నువ్వు చూసిందే కరెక్ట్." ఇంకా ఏదో అనబోయాను. బిడ్డ ఏడ్చింది. నాగమ్మ బిడ్డను ఎత్తి భుజానేసుకుని ఊపుతూ, ఒంటి చేత్తో బరువు రాసేసింది.

ఇంటికొచ్చి తేనె సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాను, ఇది రాస్తున్నాను. నాగమ్మకు చెప్తానా? చెప్పాలి. చెప్తే ఆ మొహం ఎలా మారుతుందోనని భయం, చెప్పకపోతే ఆ ఆయాను పిలవడం ఆగదని తెలుసు. ధైర్యం వస్తుందని మీకు మాటివ్వను. నన్ను నేను ఎరుగుదును. మీరు నన్ను మన్నించనూ అక్కర్లేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. కాగితం మీదైనా ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు రాయాలనిపించింది. రాస్తుంటే చెయ్యి తేలికగా ఉంది, అది మాత్రం నిజం.

ఆ రోజుకే మా ఆమ్మీటర్ పాడైపోయి ఉంది. నాకు తెలుసు. ఆ రేకు మీద పేరుకున్న రాగి సున్నా పాయింట్ నాలుగు ఏడు గ్రాములు. నాగమ్మకు తూచడం వచ్చు.